తాతయ్య బిస్కెట్ డబ్బాలో పాత బ్రిటిష్ నాణేలు, ఏమైనా వస్తాయా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేం లెస్టర్‌లో ఉంటాం. మా తాతయ్య 1960ల్లో డాక్టరుగా ఇక్కడికి వచ్చారు, పోయినేడాది కాలం చేశారు. ఆయన బీరువా సర్దుతుంటే బిస్కెట్ డబ్బా నిండా నాణేలు దొరికాయి, మూడు కిలోల పైనే ఉంటాయి. పెద్ద రాగి పెన్నీలే ఎక్కువ, కొన్నిటి మీద విక్టోరియా రాణి బొమ్మ. తెల్లవి షిల్లింగులు, హాఫ్ క్రౌన్లు కొన్ని, చర్చిల్ బొమ్మున్న పెద్ద బిళ్ళ ఒకటి. విజయవాడలో మా బాబాయికి చెబితే "లక్షలు పలుకుతాయిరా, ఎవరికీ ఇవ్వకు" అన్నారు. నిజమేనా? తోమి తీసుకెళ్తే మంచి ధర వస్తుందా?

జవాబు: తోమకండి బాబూ! నేను చింతపండు, ఉప్పు వేసి ఓ విక్టోరియా పెన్నీని రాగి చెంబులా మెరిపించాను, షాపాయన చేతిలోకి తీసుకోగానే పక్కన పెట్టేశాడు. నల్లగా ఉంటే అలాగే ఉండనివ్వండి.

ఇంకో జవాబు: పాతదైతే చాలు విలువ ఉంటుందనుకోవద్దు. విక్టోరియా పెన్నీలు కోట్ల కొద్దీ ముద్రించారు, అరిగిపోయినవాటికి ఏమీ రాదు, 1967 పెన్నీలైతే పిల్లలు ఆడుకోవడానికే. చర్చిల్ బిళ్ళ (1965) కూడా దాదాపు రెండు కోట్లు వేశారు, వెండి కాదు, రాగి-నికెల్. మీరు చూడాల్సింది తెల్లవాటి మీది సంవత్సరం. 1919 వరకు ఉన్నవి 92.5 శాతం వెండి, 1920 నుంచి 1946 వరకు సగం వెండి, 1947 నుంచి వెండే లేదు. ముందు ఈ మూడు కుప్పలు వేసుకోండి.

మరొకరు: అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది కదా?

పై వ్యక్తి: తెలియదండీ, వెండీ అంటుకోదు, రాగి-నికెలూ అంటుకోదు. సంవత్సరమే చూడాలి. అంటుకుంటే మాత్రం అది నకిలీ.

అడిగినవారు: కుప్పలు వేశాను. 1920-46 హాఫ్ క్రౌన్లు 11, విక్టోరియా షిల్లింగులు 4. మిగతా తెల్లవన్నీ 1947 తర్వాతవే.

జవాబు: హాఫ్ క్రౌన్ బరువు 14.14 గ్రాములు, అందులో సగం అంటే 7.07, పదకొండుకి దాదాపు 78 గ్రాములు. షిల్లింగు 5.65 గ్రాములు, ఒక్కోదానిలో 5.2 గ్రాముల వెండి, నాలుగింటికి 21. మొత్తం దగ్గర దగ్గర 100 గ్రాములు. ఆ రోజు వెండి ధరతో గుణిస్తే మీ కనీస ధర వచ్చేస్తుంది, షాపువాళ్ళు అందులో కొంత తగ్గించే ఇస్తారు కాబట్టి రెండు మూడు చోట్ల అడగండి. ఈబేలో అడుగుతున్న ధరలు చూసి ఆశపడొద్దు, అమ్ముడైనవి మాత్రమే చూడండి. పెన్నీల్లో 1950, 1951 ఉన్నాయేమో చూడండి, తక్కువ వేశారు. 1918, 1919 వాటిలో సంవత్సరానికి ఎడమ పక్కన సన్నగా కేఎన్ అనో హెచ్ అనో ఉంటే పక్కన పెట్టండి, అవి బర్మింగ్‌హామ్‌లోని ప్రైవేటు టంకశాలల్లో వేసినవి, కేఎన్ ఉంటే ఇంకా మంచిది. 1933 పెన్నీ కోసం మాత్రం వెతకొద్దు, ప్రపంచం మొత్తం మీద ఏడో ఎన్నో ఉన్నాయంతే!

ఇంకొకరు: మీ బాబాయిగారికి ఒక మాట చెప్పండి. పాత నాణేలు కొంటాం, ముందు కమిషన్ కట్టండి అంటూ తన పేరు వాడి మోసం చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది. ఫోన్లో ఎవరైనా లక్షలు అంటే పెట్టేయమనండి.

అడిగినవారు: చెప్పాను, "సర్లే" అని ఊరుకున్నారు. ఒక 1919 పెన్నీ మీద ఏదో అక్షరం ఉన్నట్టుంది, కేఎన్ అనిపిస్తోంది! ఫోటో పెడుతున్నాను, చూడండి.

జవాబు: గీత అండీ అది.