జూలో పడుకున్న జంతువును ఫోటో కోసం లేపొచ్చా?

కడప కుర్రోడు:
మొన్న ఆదివారం మా వీధివాళ్లం బస్సు మాట్లాడుకుని తిరుపతి జూకు వెళ్లాం. సింహం చెట్టు కింద అటు తిరిగి పడుకుంది. మావాళ్లు చప్పట్లు కొట్టి ఈల వేస్తే తలెత్తింది, ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఇంతలో కాపలా అతను వచ్చి గట్టిగా కేకలేశాడు. గ్రూపులో ఇప్పటికీ అదే గొడవ. టికెట్ కొని అంత దూరం పోయింది చూడటానికే కదా, ఒక్క ఈలకు ఏమవుతుంది?

ప్రొద్దుటూరు టీచర్:
తమ్ముడూ, ఒక్క ఈల అనేది నీ లెక్క. మీ బస్సు వెనకాలే ఇంకో బస్సు, ఆ వెనకాల స్కూలు పిల్లలు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్లంతా తలా ఒక ఈల వేస్తే? అడవిలో అయితే లేచి పొదల్లోకి పోతుంది. ఇక్కడ ఎటు పోవాలి? సింహం రోజుకు 16 నుంచి 20 గంటలు విశ్రాంతి తీసుకునే జంతువు, పడుకోవడం దాని బద్ధకం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ కూడా జూలో జంతువులను ఏడిపించడం, చప్పుడు చేసి ఇబ్బంది పెట్టడం కూడదంటుంది. కాపలా అతను తన పని తాను చేశాడు.

అనంతపురం అమ్మ:
చట్టం సరే సార్. కూలి మానుకుని, పిల్లల్ని వెంటేసుకుని ఏడాదికోసారి వచ్చేవాళ్లున్నారు. పిల్లాడు పులి వీపు మాత్రమే చూసి ఏడుస్తూ తిరిగొస్తే ఆ బాధ మీకు తెలియదు. అరవడం తప్పే, ఒప్పుకుంటా. కానీ జంతువులు చురుగ్గా ఉండే వేళలు, మేత వేసే వేళలు గేటు దగ్గర పెద్దక్షరాలతో రాసిపెడితే సగం గొడవ ఉండదు కదా?

ప్రొద్దుటూరు టీచర్:
అమ్మా, ఆ మాట వంద శాతం నిజం. గేటు తీయగానే లోపలికి వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఎండెక్కాక ఏ జంతువైనా నీడ పట్టుకుంటుంది, ఫోటోలో సగం మొహం నల్లగా పడుతుంది.

పడుకున్న జంతువులో ఫోటో లేదనుకోవడం కూడా పొరపాటే. చెవి మీద ఈగ వాలితే ఆ చెవి ఒక్కటే విదిలిస్తుంది. పంజా మెత్తలు, మీసాల మొదట్లో వరసగా ఉండే నల్లచుక్కలు కదలని జంతువులోనే స్పష్టంగా దొరుకుతాయి. జాలీ అడ్డమొస్తే, అడ్డకమ్మీ దాటకుండానే చేయగలిగినంత వరకు లెన్స్‌ను జాలీకి దగ్గర పెట్టి, అపెర్చర్ (లెన్స్‌లోకి వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి కంటి మీద ఫోకస్ చేయండి. జంతువు జాలీకి దూరంగా ఉంటే తీగలు మసకబారి మాయమవుతాయి. అద్దం ఉంటే ఫ్లాష్ ఆపేయాలి, లేకపోతే ఫోటోలో మెరుపే పడుతుంది.

పెన్నా గట్టు:
1900 తర్వాత కనబడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట కోసం లంకమల పొదల్లో ఎంతో ఓపిగ్గా వెతికారు. జూలో జంతువు ఎదురుగానే ఉంది. పదినిమిషాలు ఆగలేమా?

కడప కుర్రోడు:
పదినిమిషాలు ఆగుదామంటే వెనకాల జనం తోస్తారన్నా. ఆదివారం పోయి చూడండి, తెలుస్తుంది.

అనంతపురం అమ్మ:
అదీ నిజమే. అందుకే మేం ఈసారి స్కూలుకు సెలవు పెట్టించి, రద్దీ లేని రోజు చూసుకుని తీసుకెళ్తున్నాం.