బాలీ పెరెరెనాన్‌లో 6 ఆర్ల లీజు స్థలం: తీసుకోవచ్చా?

అలల_అబ్బాయి
అందరికీ నమస్తే. మేం నలుగురు ఫ్రెండ్స్. బాలీలో చంగూ పక్కన పెరెరెనాన్‌లో ఆరు ఆర్ల స్థలం చూశాం. పాతికేళ్ల లీజు, ఆర్‌కి ఏడాదికి రెండున్నర కోట్ల రూపియా. మొత్తం 375 కోట్లు. కంగారు పడకండి, రూపియాలే. మన లెక్కలో దగ్గర దగ్గర రెండు కోట్లు. మూడు చిన్న విల్లాలు కట్టి సర్ఫింగ్‌కి వచ్చేవాళ్లకి అద్దెకివ్వాలని ఆలోచన. నాలుగు డౌట్లు. ఒకటి, మా పేర్ల మీద లీజా, కంపెనీ పెట్టి తీసుకోవడమా? రెండు, డబ్బు ఎలా పంపాలి? మూడు, వర్షాకాలంలో విల్లాలు ఖాళీగా ఉంటాయా? నాలుగు, మెయిన్ రోడ్డు నుంచి స్థలానికి వరిపొలం గట్టు వెంట సన్న దారి ఉంది, అది చాలుతుందా? బ్రోకర్ శుక్రవారం లోపు అడ్వాన్స్ అంటున్నాడు.

దారిదొరకనివాడు
మిగతావి వదిలేయ్ తమ్ముడూ, నాలుగో దానికి రా. నేను 2019లో సెసెహ్ దగ్గర నాలుగు ఆర్లు లీజుకి తీసుకున్నా. చూడ్డానికి వెళ్లినప్పుడు స్కూటీ మీద హాయిగా వెళ్లాం. ఇటుకల లారీ వచ్చిన రోజు తెలిసింది కథ. ఆ గట్టు ముగ్గురిది. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన దారికి కూడా పాతికేళ్ల లీజు అడిగాడు. అదీ విల్లా స్థలం రేటుకే. నాలుగు నెలలు ఇటుకలు రోడ్డు పక్కనే పడున్నాయి. వాటి మీద నాచు పట్టింది. దారి వెడల్పు టేపు పెట్టి కొలువు, దాని సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో చూడు, అగ్రిమెంట్‌లో దారిని కూడా రాయించు. ఆ తర్వాతే అడ్వాన్స్ మాట.

డెన్‌పసార్_దొర
నేను పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా. ఇలాంటి థ్రెడ్లు వంద చూశా. లీజు అంటే కరిగిపోయే ఐసుముక్క. ఇవాళ పాతికేళ్లు, కట్టేసరికి ఇరవై మూడు, అమ్మబోతే పదిహేను. ఎవడు కొంటాడు? తెలివైనవాళ్లు ఫ్రీహోల్డే తీసుకుంటారు. నమ్మకమైన లోకల్ మనిషి పేరు మీద హక్ మిలిక్ (పూర్తి సొంత హక్కు), వెనక లోన్ అగ్రిమెంట్, పవర్ ఆఫ్ అటార్నీ. నేను చేశా, నా ఫ్రెండ్స్ చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

లెక్కల_లక్ష్మి
దొరగారూ, దాన్ని మన భాషలో బినామీ అంటారు. నామినీ అని ముద్దుపేరు పెట్టినంత మాత్రాన మారదు. 1960 నాటి వాళ్ల భూమి చట్టం, 26వ సెక్షన్ రెండో భాగం చదవండి. విదేశీయుడికి నేరుగా గానీ చాటుగా గానీ హక్ మిలిక్ దక్కేలా చేసే లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి అడగడానికి కూడా వీల్లేదు. అర్థమైందా? భూమీ పోయి, డబ్బూ పోయి, కోర్టుకి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది.

డెన్‌పసార్_దొర
మేడమ్, పుస్తకం వేరు, ఊరు వేరు. మీరు ఎన్నిసార్లు వచ్చారు బాలీకి? హనీమూన్‌కి ఒకసారా?

లెక్కల_లక్ష్మి
ఎన్నిసార్లు వచ్చానన్నది కాదు ఇక్కడ ప్రశ్న. మీ పేరున్న కాగితం ఒక్కటి చూపించండి. లేదు కదా? మీ లోకల్ మనిషి రేపు చనిపోతే ఆయన కొడుకులు మీ లోన్ అగ్రిమెంట్‌ని గౌరవిస్తారని నమ్మకమేంటి?

గట్టుమీద_గోపి
మధ్యలో వస్తున్నందుకు సారీ. ఆర్ అంటే ఎకరంలో పదో వంతేనా? అలా అయితే ఆరు ఆర్లు అరవై సెంట్లు, రెండు కోట్లు చాలా చవక!

దారిదొరకనివాడు
కాదు గోపీ. ఆర్ అంటే వంద చదరపు మీటర్లు. 120 గజాలకి కాస్త తక్కువ, రెండున్నర సెంట్లకి కాస్త తక్కువ. ఆరు ఆర్లు అంటే 718 గజాలు. పదిహేను సెంట్లు కూడా లేదు.

గట్టుమీద_గోపి
అమ్మో. అంటే సెంటు పదమూడు లక్షలు, అదీ పాతికేళ్లకి అద్దెకి! పిచ్చా మీకు?

డెన్‌పసార్_దొర
ఇదిగో, ఆర్ అంటే ఏంటో తెలియనివాళ్లు కూడా సలహాలకి దిగారు. నా నామినీకి నేను నెలనెలా డబ్బిస్తా, వాళ్ల ఇంటి పూజలకి వెళ్తా. నమ్మకం అనేది చట్టంలో రాసి ఉండదు.

బుకిత్_భాస్కర్
మా పార్ట్‌నర్ కూడా ఇదే మాట అన్నాడు. నమ్మకస్తుడు, ఇంటి మనిషి. 2022లో ఆ ఇంటి మనిషి స్థలం సర్టిఫికెట్ బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నాడు. చట్టప్రకారం అతనిదే కదా, బ్యాంకు ఎందుకు ఇవ్వదు? మాకు తెలిసింది నోటీసు వచ్చాక. ఇంతకంటే రాయలేను, ఇప్పటికీ బీపీ పెరుగుతుంది. దొరగారూ, మీకు ఏమీ కాలేదంటే అదృష్టం, దాన్ని పద్ధతిగా అమ్మకండి.

డెన్‌పసార్_దొర
మనిషిని చూసుకోవడం రాకపోతే అది నా తప్పా?

మోడరేటర్
దొరగారూ, భాస్కర్‌గారి నష్టం మీద వెటకారం వద్దు. మరోసారి ఇలా రాస్తే పోస్టు తీసేస్తాం. చట్టం ఒప్పుకోని పద్ధతిని ఇక్కడ ఎవరికీ సిఫారసు చేయకండి.

వాస్తు_వరహాలు
స్థలం ముఖం ఎటు? ఈశాన్యం పెరిగిందా? పెరెరెనాన్‌లో సముద్రం నైరుతిలో ఉంటుంది. అటువైపు అంత పల్లం ఉంటే విల్లా నిలబడదు, నేను ముందే చెప్తున్నా.

సాయంత్రపు_అల
వరహాలుగారూ, వాళ్లకీ వాళ్ల శాస్త్రం ఉంది. అక్కడ దిక్కులు కజా, కెలోద్. కొండవైపు పవిత్రం, సముద్రం వైపు తక్కువ. గుడి కొండవైపు మూలలో కడతారు. మన ఈశాన్యం పట్టుకుని అక్కడి మేస్త్రీతో వాదిస్తే నవ్వుకుంటాడు. నేను వాదించా, అందుకే చెప్తున్నా.

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెప్తా. ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు ఆగ్నేయం గాలి. చంగూ, ఉలువాటు వైపు తీరానికి అది భూమి మీద నుంచి సముద్రం మీదకి వీస్తుంది, అల నున్నగా నిలబడుతుంది. ఆ నెలల్లో గదులు నిండుతాయి. నవంబర్ నుంచి మార్చి వరకు గాలి తిరగబడి, అలలు బాగుండేది తూర్పు వైపు, కెరమాస్, సెరంగాన్ దగ్గర. పైగా డిసెంబర్, జనవరిలో పడమటి తీరానికి చెత్త కొట్టుకొస్తుంది. ఒకరోజు పొద్దున బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోస్తుంటే వేళ్లకి నూడుల్స్ కవర్, చెప్పు, మళ్లీ కవర్ తగిలాయి. ఆ నెలల్లో సర్ఫర్లని నమ్ముకుని లెక్క వేయకు. కొత్త సంవత్సరం వారం వేరు, అప్పుడు ఎవరైనా వస్తారు.

గట్టుమీద_గోపి
అసలు ఈ మధ్య బాలీలో టూరిస్టులకి తలకి లక్షన్నర రూపియా పన్ను పెట్టారట కదా, జనం వస్తారా ఇంకా?

సాయంత్రపు_అల
అది 2024 ఫిబ్రవరి నుంచి ఉంది గోపీ. మన డబ్బుల్లో ఎనిమిది వందల చిల్లర. దానికి ఎవరూ ఆగలేదు.

లెక్కల_లక్ష్మి
డబ్బు సంగతికి వస్తా. మీరు నలుగురూ ఇండియాలో ఉంటే ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. రిటర్న్‌లో తిరిగి వస్తుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. యాభై లక్షలు పంపితే ఎనిమిది లక్షలు పైన పెట్టుకోవాలి. ఇది చాలామంది బడ్జెట్‌లో రాయరు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

కంపెనీ పెడితే, అంటే విదేశీయులు అక్కడ పెట్టే పీటీ పీఎంఏ, మీ వాటాలు ఓడీఐ (విదేశాల్లో నేరుగా పెట్టే పెట్టుబడి) కిందకి వస్తాయి. బ్యాంకులో వేరే ఫారాలు. పెట్టుబడి ప్లాన్ కూడా పది బిలియన్ రూపియా పైన, అంటే వెయ్యి కోట్లు, చూపించాలి. దానికి ప్రతిగా హక్ గునా బంగునాన్, అంటే స్థలంలో కట్టుకునే హక్కు, కంపెనీ పేరున వస్తుంది. 30 ఏళ్లు, ఆపైన 20 పొడిగింపు, ఆపైన 30 రెన్యువల్. కాగితం మీద 80.

అలల_అబ్బాయి
అక్కా, చాలా థ్యాంక్స్. మా బడ్జెట్‌కి కంపెనీ అనేది అందేలా లేదు. అయితే లీజు పొడిగింపు కూడా ఉందన్నాడు బ్రోకర్.

దారిదొరకనివాడు
ఏ ధరకి? అదే అసలు ప్రశ్న. అగ్రిమెంట్‌లో "అప్పటి మార్కెట్ ధర ప్రకారం" అని ఉంటే అది పొడిగింపు కాదు, కొత్త బేరం. లెక్క ఎలా కట్టాలో ఇప్పుడే రాయించు. ఇంకోటి, లీజు మీద పది శాతం పన్ను ఉంటుంది. పడాల్సింది ఓనర్ మీద, కానీ అగ్రిమెంట్లలో మెల్లగా మన మీదకి తోస్తారు. 375 కోట్లలో పది శాతం ఎంతో వేసుకో.

బుకిత్_భాస్కర్
జోన్ ఎవరూ అడగలేదేంటి? పొలం పక్కన అంటున్నావు. ఆకుపచ్చ జోన్ అయితే విల్లాకి అనుమతి ఉండదు. పసుపు నివాసానికి, గులాబీ టూరిజానికి. రోజువారీ అద్దెకి ఇవ్వాలంటే పసుపులో కూడా తిప్పలే. బ్రోకర్ పంపే స్క్రీన్‌షాట్ నమ్మకు, ఐటీఆర్ కాగితం (మన పన్ను రిటర్న్ కాదు, స్థలం ఏ జోన్‌లో ఉందో చెప్పేది) ప్రభుత్వ ఆఫీసు నుంచి తెప్పించు. 2025 జూలైలో మా బుకిత్‌లో బింగిన్ బీచ్ మీద 48 కట్టడాలు కూల్చారు. ఏళ్ల తరబడి నడిచినవి, అందరికీ తెలిసినవి. నేల ప్రభుత్వానిది, అంతే. సమ్మెటలతో కొడుతుంటే ఆ సున్నపు దుమ్ము కొండ దిగువన అల మీదకి వెళ్లడం చూశా.

డెన్‌పసార్_దొర
బింగిన్‌తో పెరెరెనాన్‌ని పోల్చడం అమాయకత్వం. పెరెరెనాన్‌లో నీళ్లు, మట్టి, రోడ్డు ఉన్నాయి. బుకిత్‌లో సున్నపురాయి, ట్యాంకర్ నీళ్లు. అక్కడ స్థలం కొన్నవాళ్లే అందరినీ భయపెడుతుంటారు.

బుకిత్_భాస్కర్
ట్యాంకర్ నిజమే. కనీసం నా లీజు నా పేరు మీద ఉంది.

సాయంత్రపు_అల
భాస్కరన్నా 😂

పెరెరెనాన్ నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఆ సన్న దారి పక్కన కాలవ ఉందా? ఉంటే అది సుబాక్‌ది. ఊరి రైతులందరి ఉమ్మడి సాగునీటి వ్యవస్థ, 2012లో యునెస్కో గుర్తించింది కూడా. దారి వెడల్పు చేద్దామని పైపు వేసి కాలవ కప్పేస్తే కింద పొలాల వాళ్లు, వాళ్ల పెకసెహ్ (సుబాక్ పెద్ద) వచ్చి పని ఆపేస్తారు. మా పక్క సైటులో అదే జరిగింది. ముందు వెళ్లి పెకసెహ్‌ని, బంజార్ (ఊరి వాడ సంఘం) పెద్దలని కలవండి. చేతిలో కాఫీ, బిస్కెట్లు ఉంటే మంచిది, తొందర పనికిరాదు.

వాస్తు_వరహాలు
కాలవ ఉత్తరం నుంచి వస్తుందా, పడమర నుంచా?

మోడరేటర్
వరహాలుగారూ, వాస్తుకి వేరే థ్రెడ్ ఉంది.

అలల_అబ్బాయి
అప్‌డేట్. నిన్న అక్కడున్న మా ఫ్రెండ్ టేపు తీసుకుని వెళ్లాడు. దారి ఒక మీటరు అరవై. కాలవ ఉంది, మోకాలు లోతు, నీళ్లు పారుతున్నాయి. దారి ఎవరిదని అడిగితే బ్రోకర్ "అందరిదీ" అన్నాడు. శుక్రవారం దాటింది, అడ్వాన్స్ ఇవ్వలేదు. ఇప్పుడు ఇంకో స్థలం చూపిస్తున్నాడు. నాలుగు ఆర్లు, రోడ్డు బిట్, సంతకాలకి ఐదుగురు అన్నదమ్ములు. వీడియో పంపాడు. లోపల కొండవైపు మూలలో చిన్న రాతి గుడి, దానికి నలుపు తెలుపు గళ్ల గుడ్డ చుట్టి ఉంది. దాని గురించి ఒక్క మాట చెప్పలేదు. అది ఉంటే ఇబ్బందా?

దారిదొరకనివాడు
ఐదుగురూ నోటరీ ముందు కూర్చుంటారా, లేక పెద్దాయన ఒక్కడేనా? అది ముందు అడుగు.

సాయంత్రపు_అల
గుడి వాళ్ల కుటుంబానిది అయ్యుంటుంది. అలా అయితే పూజ రోజుల్లో వాళ్లు లోపలికి వస్తారు, రావాలి కూడా. దాన్ని కదిలించే మాట ఎత్తకు. వాళ్లకి దారి వదిలి మిగిలిన స్థలంలో మూడు కాదు, రెండు విల్లాలే పడతాయేమో చూసుకో. వీడియో ఇక్కడ పెట్టకు, ఓనర్ల మొహాలు కనిపిస్తాయి. నాకు మెసేజ్ చేయి.