క్రోమియం ఆక్సైడ్ రామన్ పీక్‌లో వంపు: స్పిన్-ఫోనాన్ ప్రభావమని ఎలా తేల్చాలి?

పచ్చపొడి: పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. క్రోమియం ఆక్సైడ్ పొడిని చల్లబరుస్తూ రామన్ (చెదిరిన లేజర్ కాంతితో పరమాణువుల కంపనాలను కొలిచే పద్ధతి) తీస్తున్నాం. 550 వేవ్‌నంబర్ (సెంటీమీటరుకు తరంగాల సంఖ్య) దగ్గరి ఏ1జీ అనే కంపనం పీక్, 307 కెల్విన్ (నీల్ ఉష్ణోగ్రత, దీని కింద స్పిన్లు, అంటే పరమాణువుల్లోని చిన్న అయస్కాంతాలు, వరుసలో కుదురుతాయి) కిందికి వచ్చాక మామూలు అన్‌హార్మోనిక్ గీతను (వేడితో కంపనాలు మామూలుగా మారే తీరును) వదిలి పక్కకు పోతోంది. ఇది స్పిన్-ఫోనాన్ ప్రభావమే (స్పిన్లు ఫోనాన్లను, అంటే స్ఫటికంలోని కంపనాలను, మార్చడం) అని రాసేయొచ్చా?

లేజర్‌గది: అప్పుడే వద్దు తమ్ముడూ. 307 కెల్విన్ అంటే 34 డిగ్రీలు. మన వేసవిలో ఏసీ ఆగితే గదే ఆ గీత దాటేస్తుంది! పైగా లేజర్ పడిన చోట పొడి ఇంకా వేడెక్కుతుంది, క్రయోస్టాట్ (చల్లబరిచే పరికరం) చూపే అంకె ఆ చుక్క ఉష్ణోగ్రత కాదు. పవర్ తగ్గిస్తూ కొలిచి, సున్నా పవర్‌కు పీక్ ఎక్కడుంటుందో లెక్కగట్టు. గది ఉష్ణోగ్రత దగ్గర స్టోక్స్, యాంటీ-స్టోక్స్ (లేజర్ కంటే తక్కువ, ఎక్కువ శక్తితో చెదిరే కాంతి) నిష్పత్తి కూడా చూడు, చుక్క అసలు ఉష్ణోగ్రత అది చెబుతుంది. 100 కెల్విన్‌కు దిగితే ఈ మోడ్‌కు (కంపనానికి) యాంటీ-స్టోక్స్ ఇక దొరకదు.

డీఎఫ్‌టీ_అక్క: థియరీ (డీఎఫ్‌టీ, అంటే ఎలక్ట్రాన్ సాంద్రతతో చేసే లెక్క) వైపు నుంచి చెప్తాను. పరమాణువులు కదిలితే క్రోమియంల మధ్య దూరం, బంధ కోణం మారతాయి. వాటితో పాటే స్పిన్లను ఒకదానితో ఒకటి ముడివేసే ఎక్స్ఛేంజ్ బలం జె మారుతుంది. స్పిన్లు వరుసలో కుదిరాక ఆ మార్పు ఫోనాన్ ఫ్రీక్వెన్సీలో కనిపిస్తుంది. కాబట్టి ఒకే లాటిస్‌ను (పరమాణువుల అమరికను) పట్టుకుని ఫోనాన్లను రెండుసార్లు లెక్కించు: యాంటీఫెర్రోగా (స్పిన్లు ఎదురెదురుగా) ఒకసారి, ఫెర్రోగా (అన్నీ ఒకే వైపు) ఒకసారి. ఏ మోడ్ స్పిన్లకు ఎంత లొంగుతుందో ఆ తేడా చెబుతుంది. 10 పరమాణువుల ప్రిమిటివ్ సెల్‌లోనే (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న గడిలోనే) యాంటీఫెర్రో అమరిక పడుతుంది. సి-అక్షం వెంట స్పిన్లు పైకి, కిందికి, పైకి, కిందికి. హెమటైట్‌ది (ఐరన్ ఆక్సైడ్) కూడా ఇదే నిర్మాణం కదా అని దాని ఇన్‌పుట్ తెచ్చుకోకు, అక్కడ పైకి, కిందికి, కిందికి, పైకి. ఇంకోటి, రామన్ అంకెకు సరిపోయేదాకా హబ్బర్డ్ యు (ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణకు లెక్కలో పెట్టే అంకె) విలువను తిప్పుతూ కూర్చోవడం నాకు అసలు నచ్చదు. అలా చేస్తే లెక్క దేన్నీ రుజువు చేయదు.

ఎక్స్‌రే_బాబాయ్: ఘనపరిమాణం సంగతి ఎవరూ ఎత్తలేదు. స్పిన్లు కుదిరేటప్పుడు లాటిస్ కూడా కాస్త సర్దుకుంటుంది, దానివల్లా పీక్ జరుగుతుంది. అవే ఉష్ణోగ్రతల్లో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ తీసి, గ్రునైసన్ సంఖ్యతో (ఘనపరిమాణం మారితే ఫ్రీక్వెన్సీ ఎంత మారుతుందో చెప్పేది) ఆ వాటా తీసేయ్. మిగిలిందే నీ స్పిన్ల వాటా.

పచ్చపొడి: చాలా థ్యాంక్స్ అండీ. న్యూట్రాన్ స్కాటరింగ్ (పొడిపై న్యూట్రాన్లు వదిలి అవి చెదిరే తీరు కొలవడం) కూడా అవసరమా?

న్యూట్రాన్‌లైన్: రామన్‌కు జోన్ మధ్యలోని (తరంగదైర్ఘ్యం చాలా పొడవున్న) ఫోనాన్లే కనబడతాయి. మిగతావి కావాలంటే న్యూట్రాన్లే గతి. మొమెంటమ్ ట్రాన్స్‌ఫర్ (చెదిరేటప్పుడు న్యూట్రాన్ ద్రవ్యవేగంలో వచ్చే మార్పు) పెరిగే కొద్దీ ఫోనాన్ సిగ్నల్ పెరుగుతుంది, అయస్కాంత సిగ్నల్ తగ్గుతుంది. రెండింటినీ అలా విడదీయొచ్చు. ముంబై ట్రాంబేలోని ధ్రువ పరిశోధనా రియాక్టర్‌లో యూజీసీ-డీఏఈ కన్సార్టియం (యూజీసీ, అణుశక్తి శాఖల ఉమ్మడి పరిశోధనా సంస్థ) ద్వారా యూనివర్సిటీ వాళ్లకూ అవకాశం ఉంది. పొడి గ్రాముల్లో కావాలి, ఇప్పటినుంచే ఎక్కువ తయారు చేసి పెట్టుకో.