ఇండియాలో ఖాతాలు, అమెరికాలో ఉద్యోగం: టాక్స్ ఫైలింగ్ ఎవరికి అప్పగించాలి?

ఇర్వింగ్_కొత్త:
అందరికీ నమస్తే. డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. కిందటేడాది మే మొదట్లో వచ్చాం, నాది హెచ్1బి, మా ఆవిడది హెచ్4. ఏప్రిల్ దాకా హైదరాబాద్‌లో జీతం తీసుకున్నాను, ఆ తర్వాత ఇక్కడ. అక్కడ నాకు సేవింగ్స్ ఖాతా, పీపీఎఫ్, మ్యూచువల్ ఫండ్స్‌లో ఎనిమిది లక్షల దాకా ఉన్నాయి. మా ఆవిడ పేరు మీద మామగారు గుంటూరులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేరే. అమెరికాలో మాకిదే మొదటి ఫైలింగ్.

జనవరి వచ్చిన దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు, నా నంబరు ఎవరిచ్చారో తెలీదు. "ముందు ఫ్రీగా లెక్క చూపిస్తాం సార్, నచ్చితేనే ఫీజు కట్టండి" అంటారు. ఒకాయన నా డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పట్టుకున్న పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) ఒక్కటి చూసి ఐదు వేల డాలర్ల పైనే రిఫండ్ తెప్పిస్తానన్నారు, ఫీజు నూట యాభై. ఆఫీసులో ఒకరు చెప్పిన సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) తొమ్మిది వందలు అడిగారు, పైగా ఇండియా కాగితాలన్నీ పంపేదాకా రిఫండ్ ఎంతో చెప్పలేనన్నారు. మా ఆవిడకి ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) కూడా లేదు. ఏం చూసి ఎంచుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లేనో_పద్మ:
తమ్ముడూ, కాగితాలు చూడకుండా చెప్పలేనన్నారు చూడు, వాళ్లకే పని తెలుసు. మీ కేసులో డబ్ల్యూ-2 ఒక్కటే చూసి రిఫండ్ చెప్పడం కుదరదు. మీరు మేలో వచ్చారు కాబట్టి ఏడాదిలో 183 రోజులు దాటేశాయి, అంటే వచ్చిన రోజు నుంచి రెసిడెంట్లు, అంతకుముందు నాలుగు నెలలు నాన్ రెసిడెంట్లు. అలాగే వేస్తే దాన్ని డ్యూయల్ స్టేటస్ అంటారు, అందులో స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు, భార్యాభర్తలు కలిపి జాయింట్‌గా వేయడమూ కుదరదు. రెండో దారి, ఇద్దరూ సంతకం పెట్టి ఏడాది మొత్తానికీ రెసిడెంట్లుగా ఉంటామని ఎంచుకోవడం. అప్పుడు జాయింట్‌గా వేయొచ్చు, కానీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా హైదరాబాద్ జీతం, మీ ఆవిడ డిపాజిట్ల వడ్డీ, అన్నీ అమెరికా రిటర్న్‌లో చూపించాలి, ఇండియాలో కట్టిన పన్నుకి ఫారం 1116 మీద క్రెడిట్ తీసుకోవాలి. చాలామందికి ఇదే లాభం, అయినా రెండూ లెక్కేసి చూపించమని అడుగు. ఆ ఐదు వేలు అన్నాయన మీరు ఏ నెలలో దిగారో అడిగారా అసలు?

ఇంకోటి. షెడ్యూల్ బి అని ఒక పేజీ ఉంటుంది, దాని చివర్లో విదేశాల్లో ఖాతాలున్నాయా అని సూటిగా అడుగుతారు. మిమ్మల్ని అడక్కుండానే అక్కడ "లేదు" అని టిక్ పెట్టేసేవాళ్లు బోలెడుమంది. కింద సంతకం మాత్రం మీదే.

ఈఏ_బాబాయ్:
నేను ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని (ఈఏ), ఈ సీజన్‌కి కొత్త క్లయింట్లను తీసుకోవడం లేదు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నా. డబ్బు తీసుకుని రిటర్న్ చేసే ప్రతివాళ్లకీ అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చిన పీటిన్ నంబరు ఉండాలి, రిటర్న్ మీద అది రాసి సంతకం చెయ్యాలి. పీటిన్ ఉన్నంత మాత్రాన చదువుకున్నట్టు కాదు, అది ఎవరైనా తీసుకోవచ్చు. లైసెన్సులు వేరు: సీపీఏకి రాష్ట్ర బోర్డు ఇస్తుంది, ఈఏకి మూడు భాగాల పరీక్ష పెట్టి ఐఆర్ఎస్ ఇస్తుంది. రేపు నోటీసు వస్తే మీ తరఫున ఐఆర్ఎస్‌తో ఏ దశలోనైనా మాట్లాడే హక్కు సీపీఏకి, ఈఏకి, లాయరుకి ఉంటుంది. ఉత్త పీటిన్ వాళ్లకి దాదాపు లేనట్టే. ఐఆర్ఎస్ సైట్‌లో ప్రిపేరర్ల డైరెక్టరీ ఉంది, పేరూ జిప్ కోడూ కొడితే లైసెన్సు ఉందో లేదో తెలిసిపోతుంది.

మీ చేత "సెల్ఫ్ ప్రిపేర్డ్" అని వేయించి తాము సంతకం చెయ్యనివాళ్లని గోస్ట్ ప్రిపేరర్లు అంటారు, వాళ్ల దగ్గరికి అస్సలు పోవద్దు. రిఫండ్‌లో ఇంత శాతం అని ఫీజు అడిగేవాళ్లూ వద్దు. ఎందుకంటే రిఫండ్ పెంచడానికి వాళ్లు చేసేది ఒక్కటే, లేని ఖర్చులు రాయడం. చర్చికో గుడికో మీరు ఇవ్వని విరాళాలు, ఆఫీసు కోసం మీరు కొనని లాప్‌టాప్, సెల్ ఫోన్ బిల్లు. జీతం తీసుకునే ఉద్యోగులకి ఆ ఆఫీసు ఖర్చుల డిడక్షన్ ఫెడరల్ రిటర్న్‌లో 2018 నుంచే లేదు, అయినా దాన్ని ఉత్తుత్తి వ్యాపారం కింద షెడ్యూల్ సిలో దూర్చేవాళ్లున్నారు. లెటర్ వచ్చినప్పుడు పన్ను, వడ్డీ, దానిపైన 20 శాతం పెనాల్టీ కట్టాల్సింది మీరు. వాళ్ల ఫోన్ అప్పటికి పనిచెయ్యదు. ఇది నేను ప్రతి ఏడాదీ చూస్తున్నా, కొత్తగా వచ్చిన మన పిల్లలే బలవుతున్నారు, బాధేస్తుంది.

రిటర్న్‌ని ఆన్‌లైన్‌లో పంపడానికి అనుమతిచ్చే ఫారం 8879 మీద సంతకం పెట్టే ముందు మొత్తం రిటర్న్ పీడీఎఫ్ అడిగి తీసుకోండి, రిఫండ్ పడే బ్యాంక్ ఖాతా నంబరు మీదేనా అని చూసుకోండి.

మణికొండ_టు_మిచిగన్:
హైదరాబాద్ నుంచి చేసేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి దయచేసి. నాకు చేసేవాళ్ల ఆఫీసు అక్కడే ఉంది, సంతకం చేసేది ఇక్కడి ఈఏ, ఫీజు మూడు వందల లోపే, ఇండియాలోని ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్ఆర్ఐల బ్యాంకు ఖాతా) వడ్డీ దగ్గర్నుంచి అన్నీ వాళ్లే అడిగి రాయించుకుంటారు. నిజానికి ఇండియా ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, అమెరికాది జనవరి నుంచి డిసెంబర్ కాబట్టి బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్ ఉన్నదున్నట్టు ఎక్కించకూడదని నాకు చెప్పింది వాళ్లే, ఇక్కడ పుట్టి పెరిగిన సీపీఏలు కొందరికి పీపీఎఫ్ అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పుకోవాలి. ఎక్కడ కూర్చున్నారన్నది కాదు, ఏం అడుగుతున్నారన్నది చూడండి.

ఈఏ_బాబాయ్:
ఒప్పుకుంటాను. ఒక్కటి కలుపుతా. అమెరికాలో ఉన్న ప్రిపేరర్ మీ వివరాలు ఇండియాలోని స్టాఫ్‌కి పంపాలంటే ముందు మీ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, చట్టం అది. ఆ కాగితం అడిగారంటే పద్ధతిగా ఉన్నట్టు. వాట్సాప్‌లో పాస్‌పోర్టు, డబ్ల్యూ-2 పంపమన్నారంటే మాత్రం వద్దు.

ఇర్వింగ్_కొత్త:
పద్మక్కా, బాబాయ్ గారూ, చాలా థాంక్స్. ఆయన నేనెప్పుడు వచ్చానో అడగలేదు, నిజమే. ఇప్పుడు ఫోన్‌లో ఏం అడిగితే పని తెలిసినవాళ్లో కాదో తేలుతుంది? మ్యూచువల్ ఫండ్స్ గురించి ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు, ఒకాయన ఫండ్‌కి రెండు వందలు ఎక్స్‌ట్రా అంటున్నారు.

ఈఏ_బాబాయ్:
మ్యూచువల్ ఫండ్ గురించే అడగండి, దానికి మించిన పరీక్ష లేదు. ఇండియా ఫండ్స్ అమెరికా లెక్కలో పీఎఫ్ఐసీ (ఒక రకం విదేశీ పెట్టుబడి సంస్థ) కిందకి వస్తాయి, వాటికి వేసేది ఫారం 8621. "అమ్మినప్పుడు మామూలు క్యాపిటల్ గెయిన్ వేస్తాం" అన్నారంటే తెలీదన్నమాట, ఎందుకంటే వేరే పన్ను పద్ధతి ఏదీ ఎంచుకోకపోతే లాభాన్ని పాత ఏళ్లకి పంచి, ఆ ఏళ్ల అత్యధిక రేటుతో పన్ను వేసి, పైన వడ్డీ కూడా వేస్తారు. అలాగని ప్రతి ఫండ్‌కీ ఇప్పుడే ఫారం అంటే అదీ తొందరే. జాయింట్‌గా వేసేవాళ్లకి ఏడాది చివర్న పీఎఫ్ఐసీల మొత్తం విలువ 50,000 డాలర్ల లోపుంటే, ఏమీ అమ్మకపోతే, డివిడెండ్లేవీ రాకపోతే, మామూలుగా ఆ ఏడాది 8621 అక్కర్లేదు. మీ ఎనిమిది లక్షలు ఆ లోపే. ఈ మినహాయింపు తనంతట తానే చెప్పినవాళ్లని పెట్టుకోండి.

ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్టు) కూడా చేస్తారా అని అడగండి. అది రిటర్న్‌తో పోదు, అమెరికా ఆర్థిక శాఖలోని ఫిన్‌సెన్ సైట్‌లో వేరేగా వేయాలి, ఏడాదిలో ఏ రోజైనా అన్ని విదేశీ ఖాతాలూ కలిపి 10,000 డాలర్లు దాటితే చాలు. గడువు ఏప్రిల్ 15, అడక్కుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. మీ ఆవిడ డిపాజిట్లకి ఆవిడ లెక్క వేరు, ఆవిడ ఎఫ్‌బార్ వేరు. మామగారు వేసిన డబ్బే అయినా ఖాతా ఆవిడ పేరు మీద ఉంది కదా. విదేశీ ఆస్తులు చూపించే ఫారం 8938 మరొకటి, మీలా ఇక్కడే ఉంటూ జాయింట్‌గా వేసేవాళ్లకి ఏడాది చివర 1,00,000 లేదా మధ్యలో ఎప్పుడైనా 1,50,000 డాలర్లు దాటితేనే.

బే_ఏరియా_సుబ్బు:
టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి మీకు సగం తలనొప్పి తప్పింది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు చదువుతుంటే, ఇండియాలో కట్టిన పన్నుకి ఇక్కడ రాష్ట్రం క్రెడిట్ ఇవ్వదు, ప్రిపేరర్‌కి అది తెలుసో లేదో కనుక్కోండి. ఊళ్లో పొలం అమ్మి ఇల్లు కొనుక్కోమని నాన్నగారు డబ్బు పంపితే, అది ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే విదేశీ కానుకలు చూపించే ఫారం 3520 వేయాలి. దాని మీద పన్నేమీ పడదు, కానీ వేయకపోతే పెనాల్టీ నెలకి 5 శాతం చొప్పున 25 శాతం దాకా పోతుంది. దీన్ని అడిగే ప్రిపేరర్ నాకు ఇంతవరకు ఒక్కరే కనిపించారు, ఆవిణ్ని వదల్లేదు.

గోదారి_గట్టు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా బావగారు ఆరేళ్లుగా ఇక్కడ ఉన్నారు, ఎఫ్‌బార్ ఎప్పుడూ వేయలేదు. ఆయనకి ఎవరు కావాలి?

ఈఏ_బాబాయ్:
ఇండియా వడ్డీ అంతా రిటర్న్‌లలో చూపించి ఎఫ్‌బార్ ఒక్కటే వదిలేస్తే, ఐఆర్ఎస్ నుంచి ఇంకా ఏ విచారణా రాకపోతే, కారణం రాసి ఆలస్యంగా వేసుకోవచ్చు, మామూలుగా పెనాల్టీ ఉండదు. వడ్డీ కూడా చూపించకపోతే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది, మూడేళ్ల సవరణ రిటర్న్‌లు, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు, ఆ ఆస్తుల మీద 5 శాతం పెనాల్టీ. తెలిసి దాచలేదని సొంత మాటల్లో రాసి సంతకం పెట్టాలి, ఆ రాత ముఖ్యం. ఆ పని ఇంతకుముందు చేసినవాళ్లకే ఇవ్వమనండి. తెలిసే వదిలేశారన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా ముందు టాక్స్ లాయర్ని కలవాలి, ప్రిపేరర్‌ని కాదు.

ఇర్వింగ్_కొత్త:
ఆ తొమ్మిది వందల సీపీఏకి ఫోన్ చేశాను. 8621 మినహాయింపు అడక్కముందే ఆవిడే చెప్పారు, డ్యూయల్ స్టేటస్, జాయింట్ రెండూ లెక్కేసి చూపిస్తానన్నారు. ఎఫ్‌బార్ రెండూ ఆ ఫీజులోనే. ఇంకొక్క సందేహం, మా ఆవిడ ఐటిన్ (ఎస్ఎస్ఎన్ లేనివాళ్లకిచ్చే పన్ను నంబరు) కోసం పాస్‌పోర్టు ఒరిజినల్ పోస్టులో పంపమంటే భయంగా ఉంది, మేలో తనకి ఇండియా ప్రయాణం ఉంది.

ప్లేనో_పద్మ:
పంపక్కర్లేదు. సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్‌గా ఐఆర్ఎస్ అనుమతి ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తే పాస్‌పోర్టు చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తారు, ఆ సీపీఏకి ఆ అనుమతి ఉందేమో అడుగు. లేకపోతే ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని ఈ పని చేసే ఐఆర్ఎస్ ఆఫీసుకి వెళ్లొచ్చు. ఐటిన్ దరఖాస్తు డబ్ల్యూ-7 రిటర్న్‌తో కలిపి వెళ్తుంది కాబట్టి ఏప్రిల్ దాకా ఆగకండి, ఐటిన్ రావడానికి వారాలు పడుతుంది.