నాన్న సంవత్సరీకానికి కూర్చోవాలా, వద్దా?

మాది నెల్లూరు పక్కన పల్లె. ఎనిమిదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నా. శనివారాలు ఒంటిపూట తిని, మొక్కుంటే తిరుమల కొండ నడిచి ఎక్కినవాణ్ణే, పుస్తకాలు చదివి మారిన బాపతు కాదు. నిరుడు నాన్న పోయారు. పదో రోజు చెరువు గట్టున అమ్మకి చేతినిండా గాజులు తొడిగి, తలలో పూలు పెట్టి, అందరి ముందూ ఆ గాజులు పగలగొట్టారు. ఒక ముక్క గుచ్చుకుని మణికట్టు దగ్గర రక్తం కారుతున్నా అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పక్కనే గోదానానికి ఆవు బదులు ఎంతిస్తారని బేరం. దేవుడున్నాడా లేడా అన్నది తర్వాత, ఈ పద్ధతి పెట్టినవాళ్ల మాట నేనెందుకు వినాలి? వచ్చే నెల సంవత్సరీకం, నేను పెద్దకొడుకుని. మీరైతే ఏం చేస్తారు?

ఫిల్టర్‌కాఫీ:
కూర్చో తమ్ముడూ. నమ్మకం లేకుండానే ఆరేళ్లుగా మా అమ్మ తద్దినం పెడుతున్నా, ఆ వంకన చెల్లెలు వస్తుంది, అంతే. పెంట తినే కాకి పితరుడెలా అవుతుందని వేమన ఎప్పుడో అడిగేశాడు. ఆయన పద్యాలు అప్పజెప్పి ప్రైజులు కొట్టిన నేనే డాబా మీద కాకి కోసం చూస్తుంటా. ఇక్కడ కాకులు కూడా టైముకి రావు, అది వేరే సంగతి.

గుంటూరోడు:
మీ దగ్గరే అనుకోకండి, మాది ప్రార్థన కుటుంబం. 2020 లాక్‌డౌన్‌లో నా ఉద్యోగం పోతే, దశమభాగం సరిగ్గా ఇవ్వలేదు కాబట్టే అన్నాడు పాస్టరు. జీతం కోసినప్పుడు కూడా కవర్లో పెట్టి ఇచ్చినవాణ్ణి! ఇప్పటికీ ఆదివారం పొద్దున అమ్మ వీడియో కాల్ చేస్తే చర్చికి బయల్దేరినట్టు ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటా. సిగ్గేస్తుంది. మీరు ఆ నాటకంలోకి దిగకండి.

బసవనగుడి:
ఎవరి కోసం కూర్చోవాలి, గాజులు పగలగొట్టిన చుట్టాల కోసమా? ఈ ఊళ్లోనే హెచ్. నరసింహయ్యగారు యూనివర్సిటీ వీసీగా ఉండి 1976లో మహిమల మీద విచారణకి కమిటీ వేశారు. కాకపోతే ఆయన పెళ్లి చేసుకోకుండా కాలేజీ హాస్టల్ గదిలో బతికిన మనిషి, మనకి ఇంట్లో అమ్మ ఉంది. ఇంతకీ ఆవిణ్ణి అడిగారా?

అడిగినవాణ్ణే మళ్లీ:
నిన్న రాత్రి అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘అది నీ ఇష్టం గానీ, వచ్చేటప్పుడు రెండు గాజులు పట్రా నాయనా, చేతులు బోసిగా ఉన్నాయి’ అంది. కూర్చునే సంగతి ఇంకా తేల్చుకోలేదు. బస్సు టికెట్ మాత్రం తీశా. 2.4 తేవాలా, 2.6 తేవాలా, అమ్మ కొలత నాకు తెలీదు.