అప్‌డేట్: జార్‌లో మాత్రమే వచ్చే క్లాస్‌నాట్‌ఫౌండ్ ఎర్రర్ తీరింది

తిరుపతి లాడ్జిల బిల్లింగ్‌కి మేం రాసుకున్న జావా లైబ్రరీ ఐడీఈలో (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో) బాగా నడిచి, స్ప్రింగ్ బూట్ జార్‌గా (లైబ్రరీల జార్లన్నీ లోపలే ఉండే ఒకే ఫైల్‌గా) పెడితే క్లాస్ (కోడ్ ముక్క) దొరకలేదంటోందని పోయిన వారం అడిగాను కదా, అది తీరిపోయింది. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

లాగ్‌లో థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఒక పని నడిచే దారి) పేరు చూడమన్నవారి మాటే పనిచేసింది. ఎర్రర్ పడిన ప్రతి లైన్లోనూ ఫోర్క్‌జాయిన్‌పూల్ కామన్‌పూల్ వర్కర్ (పనులు పంచుకుని సమాంతరంగా నడిపే జావా థ్రెడ్) అని ఉంది, మెయిన్ థ్రెడ్‌లో నడిచిన బిల్లులకు మాత్రం ఏమీ కాలేదు. జావా 9 నుంచి ఆ వర్కర్లకు కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్‌గా (ఆ థ్రెడ్‌కి క్లాసులు వెతికిపెట్టేదిగా) సిస్టమ్ లోడరే వస్తుంది, దానికి జార్ లోపలి జార్లు కనబడవు. మేమేమో ఈమధ్యే జావా 8 నుంచి 11కి మారాం. పేరు ఇస్తే క్లాస్ తెచ్చే క్లాస్.ఫర్‌నేమ్‌కి మూడో ఆర్గ్యుమెంట్‌గా, ఆ కాంటెక్స్ట్ లోడర్‌కి బదులు లైబ్రరీ సొంత క్లాస్‌లోడర్ ఇచ్చాను, రాత్రి పదకొండింటికి మొదటి బిల్లు వచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది.

మేవెన్ (లైబ్రరీలు దించుకునే టూల్) క్యాష్ తుడవడం, మెమరీ పెంచడం, లైబ్రరీల వెర్షన్లు మార్చడం, వీటికీ దీనికీ సంబంధమే లేదు.