ఆటిజం పిల్లలకు మ్యూజిక్ థెరపీ: అంత పెద్ద ట్రయల్ తేడా లేదన్నాక కూడా కొనసాగించాలా?

చిన్నోడి నాన్న
మావాడికి ఐదేళ్లు, ఇంకా మాటలు రాలేదు. కొన్నాళ్లుగా మ్యూజిక్ థెరపీకి తీసుకెళ్తున్నాం. ముందే రాసుకున్న పాటలేం ఉండవు. వాడు డ్రమ్మో కీబోర్డో ఎలా వాయిస్తే దాన్నిబట్టి థెరపిస్ట్ అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన టైమ్-ఎ ట్రయల్ చూపించి మా బావగారు "ఇది పనిచెయ్యదని తేలిపోయింది, ఆ గంట స్పీచ్ థెరపీకి పెట్టు" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే వాదన. మానెయ్యాలా?

లెక్కల మనిషి
మీ బావగారు చూపించింది గట్టి ట్రయలే. తొమ్మిది దేశాలు, నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలు 364 మంది. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. అందరికీ మామూలు సేవలు, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్. సగం మందికి అదనంగా ఈ థెరపీ, కొందరికి వారానికి ఒకసారి, కొందరికి మూడుసార్లు. ఐదు నెలలయ్యాక ఏడాస్ అనే పరీక్షలో సామాజిక లక్షణాల స్కోరు చూశారు, అది తగ్గితే ఇబ్బంది తగ్గినట్టు. థెరపీ గ్రూపులో 14.08 నుంచి 13.23కి, రెండో గ్రూపులో 13.49 నుంచి 12.58కి తగ్గింది. అంటే ఇంచుమించు ఒకే మేర.

ఆ రెండో గ్రూపే లేకపోతే తగ్గిందంతా సంగీతం ఖాతాలో వేసేసేవాళ్లం. ఇళ్లలో జరిగేదీ అదే. పిల్లాడు పెరుగుతున్న కొద్దీ ఎంతో కొంత మారతాడు, అప్పుడు ఏ థెరపీ నడుస్తుంటే దానికి పేరొస్తుంది.

మ్యూజిక్ థెరపిస్ట్
గదిలో జరిగేది కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఒక బాబు నావైపు చూడకుండా డ్రమ్ అంచు మీద వేళ్లతో కొడుతుంటాడు. నేను అదే వేగంలో కీబోర్డు మీద రెండే స్వరాలు వాయిస్తాను. వాడు ఆపితే నేనూ ఆపుతాను, మొదలెడితే మొదలెడతాను. కాసేపటికి వాడు కావాలనే ఆపి నావైపు చూస్తాడు, నేను ఆగుతానా లేదా అని. 1959లో పాల్ నార్డాఫ్, క్లైవ్ రాబిన్స్ ఇంగ్లండ్‌లో కలిసి పని మొదలుపెట్టినప్పటి నుంచి ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇదే. ఏడాస్ అనేది ఆటిజం ఉందో లేదో నిర్ధారించడానికి తయారైన పరీక్ష. ఇంత చిన్న మార్పు దానికి ఎక్కడ అందుతుంది?

లెక్కల మనిషి
మేడమ్, ఆ పరీక్షతోనే కొలుస్తామని ముందుగా నిర్ణయించుకున్నది మ్యూజిక్ థెరపీ పరిశోధకులే. ఫలితం వచ్చాక త్రాసుదే తప్పంటే కుదరదు. మీరు చెప్పిన బాబు సంగతి నేను నమ్ముతాను. అలా ఆగి చూడటం వాళ్లమ్మతోనో, బడిలో ఇంకో పిల్లాడితోనో వచ్చిందా? తేలాల్సింది అదే.

మ్యూజిక్ థెరపిస్ట్
సరైన ప్రశ్నే అడిగారు. కొందరిలో వస్తుంది, కొందరిలో రాదు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2022 సమీక్ష 26 అధ్యయనాలను, 1,165 మందిని కలిపి చూసింది. మొత్తమ్మీద మెరుగుదల, ఆటిజం తీవ్రత, జీవన నాణ్యత, ఈ మూడింట్లో లాభం ఉండొచ్చని తేల్చింది. మాటల్లో, నలుగురితో కలవడంలో మాత్రం స్పష్టమైన తేడా లేదంది. అందుకే మాటలు వస్తాయని ఆశపెట్టి పిల్లల్ని చేర్చుకోవడం నాకు ఒళ్లు మండే పని. మా రంగంలో అలా చేసేవాళ్లు ఉన్నారు.

ఆటిజం ఉన్న పెద్దదాన్ని
స్కోరు తగ్గడమే లాభమని మీరంతా ఎందుకు ఒప్పేసుకుంటున్నారు? రోజంతా "ఇటు చూడు, ఇది చెప్పు, అలా ఊగకు" అని వినే పిల్లాడికి, తను చేసిన చప్పుడునే ఒక పెద్దమనిషి అనుసరించే సమయం దొరకడం తక్కువ విషయం కాదు. అదే సమయంలో సంగీతం అందరికీ హాయి అనుకోకండి. చిన్నప్పుడు నన్ను కూర్చోబెట్టిన ఒక క్లాసులో తాళాల మోతకి చెవులు మూసుకుంటే చేతులు లాగేసేవారు. నాకది నరకం. నాన్నగారూ, మీవాడు చెవులు మూసుకున్నప్పుడు ఆ థెరపిస్ట్ వాయించడం ఆపుతున్నారా? ముందు అది చూడండి.

చిన్నోడి నాన్న
ఆపుతారండీ, వెంటనే. వాడు వెళ్లేటప్పుడు తనే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. ఇంకెక్కడికి వెళ్లాలన్నా పెద్ద టెన్షనే. కానీ నిజం చెప్పాలంటే మేం చేర్చింది మాటల కోసమే.

లెక్కల మనిషి
అయితే మాటల కోసం ఇది వద్దు. స్పీచ్ థెరపీ, బొమ్మల కార్డులు, ట్యాబ్‌తో చెప్పడం నేర్పడం, వీటికి కేటాయించిన సమయంలో ఒక్క గంట కూడా దీనికి మళ్లించకండి. ఆ తర్వాత కూడా ఓపిక, స్థోమత ఉంటే వాడికి ఇష్టం కాబట్టి కొనసాగించండి. మీ బావగారికీ అదే చెప్పండి.

మ్యూజిక్ థెరపిస్ట్
దీంతో నాకు పేచీ లేదు. ఒక్కటే కోరతాను. సెషన్ జరిగేటప్పుడు మీరు కూడా లోపల కూర్చుంటామని అడగండి. వాడు ఆపినప్పుడు ఆగి, వాడి వంతు కోసం ఎదురుచూడటం మీరూ నేర్చుకుంటే ఇంట్లో గిన్నె, గరిటెతోనైనా చెయ్యొచ్చు. మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే, దానికి కారణం కూడా చెప్పకపోతే, వేరే థెరపిస్ట్‌ను వెతుక్కోండి.